ఊరిని రుచితో చదవడం: రాయగడ, కొరాపుట్ పాఠం

కొత్త ఊరికి వెళ్తే ముందు గుడి చూస్తాం, తర్వాత కొండో జలపాతమో చూస్తాం, ఆకలేస్తే ఏదో ఒకటి తినేస్తాం. ఈ వరస మార్చి, తిండి వెంట నడుస్తూ ఊరిని తెలుసుకునే పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. పోలండ్‌లోని క్రాకో, వార్సా నగరాల్లో యాత్రికులను వీధులు తిప్పుతూ పాత వంటలు రుచి చూపిస్తారు. వాటిలో జూరెక్ ఒకటి. రై అనే ధాన్యం పిండిని నీళ్లలో కలిపి, కొన్ని రోజులు పులియబెట్టి కాచే పుల్లటి చారు అది. ఈ మాట వినగానే మన ఉత్తరాంధ్ర అమ్మాయిలకు చోడి అంబలి గుర్తుకు రాకుండా ఉంటుందా?

అందుకే ఈ పాఠానికి మన పక్కనే ఉన్న రాయగడ, కొరాపుట్‌లను తీసుకున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీతో కలిసి ఉండేది. రాయగడ వేరే జిల్లా అయింది 1992లో. 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం పూర్తయ్యాక రాయగడకు మన వైపు నుంచి రాకపోకలు ఇంకా పెరిగాయి. అక్కడ తెలుగు, ఒడియా, కువి భాషలు ఒకే సంతలో వినిపిస్తాయి. కువి మనకు పరాయిది కాదు. తెలుగు, గోండి, కుయిలతో పాటు అదీ దక్షిణ మధ్య ద్రావిడ శాఖదే.

1. పొద్దుటి పళ్లెం

రాయగడ టిఫిన్ బండి దగ్గర నిలబడండి. ఇడ్లీ, వడ, ఉప్మా మనకు తెలిసినవే. కానీ వాటి పక్కన ఘుగుని, అంటే ఎండు బఠానీల కూర, వడ్డిస్తారు. ఒక్క పళ్లెంలో రెండు రాష్ట్రాలు! పండగ పూట ఒడియా ఇళ్లలో ఆరిసా పిఠా వండుతారు. బెల్లం పాకంలో బియ్యప్పిండి కలిపి, వత్తి, వేయించేది. మన అరిసెకి పేరులోనూ పాకంలోనూ అక్క వరస. సరిహద్దు గీత కాగితం మీద పడింది గాని పొయ్యి మీద పడలేదు.

2. అంబలి ఒకటి, పేర్లు నాలుగు

మనం చోళ్లు అంటాం, తెలంగాణలో తైదలు, పుస్తకాల్లో రాగులు, ఒడియాలో మండియా. పిండిని రాత్రి నీళ్లలో పులియబెట్టి, మర్నాడు కొంచెం నూకలు వేసి కాచి, చల్లార్చి తాగుతారు. అక్కడ దీన్ని మండియా పేజ అంటారు. పొలానికి వెళ్లేవాళ్లు ఎండిన ఆనపబుర్రలో పోసుకుని తీసుకెళ్తారు. బుర్రలో అది చల్లగా ఉంటుంది, ఎండలో దాహమూ ఆకలీ రెండూ తీరుస్తుంది.

ఒకప్పుడు "మేం అంబలి తాగుతాం" అని బయట చెప్పుకోవడం నామోషీ. అన్నం తినేవాళ్లు గొప్పవాళ్లు, అంబలి తాగేవాళ్లు లేనివాళ్లు. నిజానికి వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో అది పది మిల్లీగ్రాముల లోపే. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది. తొలి ఏడు జిల్లాల్లో కొరాపుట్, రాయగడ రెండూ ఉన్నాయి. ఇప్పుడు మండియా లడ్డు అంగన్‌వాడీ పిల్లలకు ఇస్తున్నారు, పట్నంలో రాగిజావ ఆరోగ్యం పేరుతో అమ్ముతున్నారు. గింజ మారలేదు, దాన్ని పిలిచే గొంతు మారింది.

3. మూడు పానీయాలు, ఒక్క మాట

కొండ మీద తాగేదంతా మనకి "సారా"నే. అక్కడ మాత్రం మూడు వేరు వేరు. సలప అంటే జీలుగు చెట్టు కల్లు. చెట్టు నుంచి దిగేదే, కాచేది కాదు. లాండా అంటే పిండిని ఉడికించి పులియబెట్టేది. మహులి అంటే ఇప్పపువ్వును పులియబెట్టి బట్టీలో కాచి దించేది. కోదుల పెళ్లి మాటల్లో, పండగల్లో సలపకు మర్యాద ఉంది. మూడింటినీ ఒకే మాటలో పడేస్తే ఆ మర్యాద మనకు కనబడదు. తాగడం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. పేరు సరిగా పలకడం మాత్రం భాష చదివే మన బాధ్యత.

4. కప్పులో కొరాపుట్

కొరాపుట్ కాఫీకి ఇప్పుడు మంచి పేరుంది. జయపురం రాజులు 1930 ప్రాంతంలో కాఫీ మొక్కను ఇక్కడికి తెచ్చారు. 1958లో ప్రభుత్వం తోటలు వేయించింది రుచి కోసం కాదు, మాచ్‌ఖండ్ పరీవాహక ప్రాంతంలో మట్టి కోతను ఆపడానికి. ఇక్కడి కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నల్లటి పొట్టు, సన్నటి గింజ, మంచి వాసన. ఇలాంటి దేశవాళీ వరి విత్తనాలను ఏళ్ల తరబడి కాపాడిన కొరాపుట్ రైతు కమలా పూజారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు. రుచి వెనక రైతు ఉంటుంది, చాలాసార్లు ఆడమనిషి ఉంటుంది.

5. "సంప్రదాయం" అనే మాట జాగ్రత్త

ఇంతవరకూ నోరూరించే సంగతులు. ఇది చేదు సంగతి, ఈ పాఠానికి అసలైనదీ ఇదే. మామిడి టెంకలోని జీడిని నీళ్లలో నానబెట్టి, వగరు పోగొట్టి, ఎండబెట్టి, దంచి, జావ కాచుకోవడం ఈ కొండల్లో పాత అలవాటే. 2001 వానాకాలంలో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో టెంక జావ తిన్నవాళ్లలో పలువురు చనిపోయారు. ఆకలి చావులని కొందరన్నారు. బూజు పట్టిన టెంకల వల్ల అని అధికారులన్నారు. అది వాళ్ల సంప్రదాయ ఆహారమే కదా అన్న మాట కూడా వినబడింది.

ఆ మాట దగ్గర ఆగి ఆలోచించాలి. ఇంట్లో ధాన్యం ఉండగా, ఇష్టపడి, పద్ధతిగా వండుకుంటే అది సంప్రదాయం. ధాన్యం అయిపోయి, పనులు దొరక్క, తడిసిన టెంకలే దిక్కయితే అది లేమి. రెండు కుండల్లోనూ ఉడికేది ఒకటే. కానీ రెంటికీ ఒకే పేరు పెడితే రెండోవాళ్ల ఆకలి ఎవరికీ వినబడదు. కాబట్టి తిండితో ఊరిని చదివేవాళ్లు "రుచి ఎలా ఉంది?" అని ఆగిపోకూడదు. ఎవరు వండారు, ఏ నెలలో తింటారు, ఇష్టంతోనా గతిలేకనా అని కూడా అడగాలి.

మీ వంతు

ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మీ అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. వానాకాలంలో గింజలు నిండుకుంటే ఏం తినేవారు? దానికి మీ ఊళ్లో పేరేంటి? ఇప్పుడు అది వండితే తింటారా? జవాబులు వాళ్ల మాటల్లోనే, యాస దిద్దకుండా రాసి తీసుకురండి. నిఘంటువులో దొరకని మాటలు ఎన్ని వస్తాయో చూద్దాం. అవన్నీ వచ్చే గోడపత్రికలో పక్కపక్కన పెడదాం.