కాయము – కాయకము: ప్రతి యీడునకు తగిన దేహపరిశ్రమ

కాయమనగా దేహము. కాయముతో చేయునది కాయకము. 12వ శతాబ్దమున కల్యాణమందలి శరణులలో నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. మోళిగె మారయ్య కట్టెలమోపు మోసి అమ్మెను. వీరిలో ఎవరికిని వ్యాయామమని వేరొక పని కల్పించుకొనవలసిన అవసరము లేకపోయెను. బ్రతుకుతెరువే దేహమునకు సాధన అయ్యెను.

నేటి మన గృహములలో స్థితి వేరు. నీరు కుళాయిలో వచ్చును. పిండిని మర విసరును. బట్టలను యంత్రముతుకును. పిల్లవాడు బడికి ఆటోలో పోవును. యజమాని ఉదయము అంగడిలో గల్లాపెట్టె కడ కూర్చుండి రాత్రికి లేచును. ఈ సౌకర్యములను నిందింపనక్కరలేదు. నూతినీరు తోడి నడుము వంగిన మన తల్లులకు అవి వరములే. అయితే పని తగ్గినంత మాత్రమున దేహధర్మము మారలేదు. పని విడిచిపోయిన చోట పరిశ్రమను మనమే కోరి నిలుపుకొనవలెను. ఏ యీడున ఎంత, ఎట్లు అనునదే ఈ పాఠమునకు విషయము.

1. ఈడు వేరు, కదలకుండుట వేరు

“ఈడు మీరినది, ఇక మనవలన ఏమగును?” అను మాట నలుబది దాటినది మొదలు మన యిండ్లలో వినవచ్చును. ఇందు నిజమెంత?

1966వ సంవత్సరమున అమెరికాలోని డల్లాసు నగరమందు, 20 ఏండ్ల ప్రాయము గల ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను వైద్యశాస్త్రజ్ఞులు 3 వారములు పడకపైననే ఉంచిరి. పిదప వారి శ్రమశక్తిని, అనగా కష్టపడునపుడు దేహము ఎంత ప్రాణవాయువును వినియోగించుకొనగలదో దానిని కొలిచి చూడగా, అది మిక్కిలి తగ్గిపోయి ఉండెను. 30 ఏండ్లు గడచిన పిమ్మట అదే ఐదుగురిని మరల పరీక్షించిరి. ముప్పది ఏండ్ల వయోభారము చేసిన నష్టము కంటె నాటి మూడు వారముల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలెను. అంతటితో ఆగక వారిచే 6 నెలలు క్రమముగా నడక, మెల్లని పరుగు, సైకిలు త్రొక్కుట సాధన చేయింపగా, ముప్పది ఏండ్లలో కోల్పోయిన ఆ శక్తి తిరిగి లభించెను. పరీక్షింపబడినవారు ఐదుగురే అయినను, ఒకే మనుష్యుని రెండు ప్రాయములలో కొలిచి చూచుటచేత ఈ పరిశోధన ప్రసిద్ధి కెక్కినది.

లండను నగరమందలి రెండంతస్తుల బస్సులను గూర్చి డాక్టరు జెరెమీ మోరిస్, ఆయన సహచరులు 1953లో ప్రకటించిన పరిశోధనయు ఇట్టిదే. ఒకే బస్సులో డ్రైవరు దినమెల్ల కూర్చుండును. కండక్టరు దినమెల్ల మెట్లెక్కి దిగుచుండును. గుండె రక్తనాళముల వ్యాధి కండక్టర్లలో డ్రైవర్ల కంటె తక్కువగా కనిపించెను.

కనుక మనము ముసలితనమని పిలుచుచున్న దానిలో కొంత నిజముగా వయస్సు తెచ్చినది. కొంత కదలకుండుట తెచ్చినది. మొదటిదానిని ఆపజాలము. రెండవది మన చేతిలో ఉన్నది.

2. శైశవము, బాల్యము

పరిశ్రమ పసితనముననే ఆరంభమగును. ఇంకను ప్రాకని శిశువును, మేలుకొని యున్న వేళ, పెద్దలు దగ్గర నుండి చూచుచు, దినమునకు పలుమారులుగా మొత్తము 30 నిమిషములైనను బోర్ల పరుండబెట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. దానివలన మెడ, వీపు, భుజములు బలపడును. నిద్రకు మాత్రము వెల్లకిల పరుండబెట్టవలెను. 3, 4 ఏండ్ల పిల్లలు దినములో 3 గంటలు ఏదో ఒక కదలికలో ఉండవలెను. ఏడ్చిన ప్రతిసారి చేతికి సెల్‌ఫోను ఇచ్చి కూర్చుండబెట్టుట ఈ మూడు గంటలను దొంగిలించుటయే.

5 మొదలు 17 ఏండ్ల వరకు దినమునకు సగటున 60 నిమిషములు చెమట పట్టునట్లు ఆడవలెను. చెడుగుడు, త్రాడాట, త్రొక్కుడుబిళ్ళ, కోతికొమ్మచ్చి, కోలాటము, ఈత ఇవన్నియు ఇందులకు చాలును. పరీక్షలు సమీపింపగానే ఆటల గంటను లెక్కల గంటగా మార్చుట ఎన్నో బడులలో కనిపించు అలవాటు. అది లెక్కలకును మేలు చేయదు. కదలక కూర్చున్న పిల్లవానికి మనస్సు నిలుచుట కష్టము.

ఇక్కడ బాలికలను గూర్చి ఒక మాట విడిగా చెప్పవలసియున్నది. ఈడేరగానే “పెద్దదానవైతివి, ఇక గంతులు చాలు” అని తల్లియో నాయనమ్మయో ఆపుదురు. అది ప్రేమతో చెప్పిన మాటయే. కాని ఎముక త్వరత్వరగా గట్టిపడి పెరుగునది సరిగా ఆ సంవత్సరములలోనే. గెంతుట, పరుగెత్తుట, బరువు మోయుట ఎముకకు ఎరువు వంటివి. ఆ యీడున కూడబెట్టిన ఎముకబలమునే స్త్రీ, ముట్లుడిగిన పిమ్మట ఎముకలు పలుచబడు కాలమున, వాడుకొనును. పండ్రెండేండ్ల పిల్ల ఆటను మాన్పించుట అరువదేండ్ల స్త్రీ సంచిలోని సొమ్ము తీసివేయుట. మగపిల్లవానికి పంపిన మైదానమునకే ఆడపిల్లను కూడ పంపుడు.

3. గృహస్థాశ్రమము

18 మొదలు 64 ఏండ్ల వరకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యరకపు శ్రమ అవసరమనియు, వారములో 2 దినములైనను కండరములకు బలము కలిగించు సాధన చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపినది. అనగా వారములో ఐదు దినములు అరగంట చొప్పున చురుకైన నడక. మధ్యరకపు శ్రమకు గుర్తు ఏమనగా, నడచుచు మాటలాడగలము గాని పాట పాడలేము. కండరబలమునకు దండీలు, బస్కీలు మన తాతలకు తెలిసినవే. నేలపై దండీలు తీయలేనివారు గోడకు చేతులానించి తీయవచ్చును.

“దినమెల్ల ఇంటిపనితో అలసిపోవుచున్నాను, నాకు వేరుగ నడక ఏల?” అని గృహిణి అడుగును. ఆ అలసట నిజమైనదే. అయితే పొయ్యి కడ గంటల తరబడి నిలుచుటవలన కాళ్ళు నొచ్చును గాని గుండెకు తగిన సాధన కాదు. ఆమె అరగంట నడచుటకు పోవలెనన్నచో ఆ అరగంట ఇంటిపనిని ఇతరులు పంచుకొనవలెను. ఇది ఉపదేశముతో గాక గృహమందలి ఏర్పాటుతో తీరవలసిన విషయము. పొలమున దినమెల్ల కలుపు తీసి, మూటలు మోసినవారికి మాత్రము వేరుగ నడక నియమింపనక్కరలేదు. వారికి కావలసినది విశ్రాంతియు మంచి తిండియు.

అంగడిలో కూర్చుండువారు గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. భోజనానంతరము పది పదిహేను నిమిషములు మెల్లగా నడచినచో రక్తములో చక్కెర అమాంతముగా పెరుగకుండును. మధుమేహము గలవారికి ఇది మిక్కిలి ఉపకారము.

అతి కూడదు. తన బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెనని ఆయుర్వేద గ్రంథములు విధించినవి. నుదుట చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చుట దానికి గుర్తు. కొత్తగా ఆరంభించువారు ఈ హద్దును మరువరాదు.

4. వృద్ధాప్యము

అన్ని దశలలోను మనము మిక్కిలి అలక్ష్యము చేయునది ఇదియే. అదియు గౌరవము పేరిట చేయుచున్నాము. మామగారు మంచినీళ్ళకై లేవబోగానే “మీరు కూర్చోండి మామయ్యగారూ, నేను తెచ్చెదను” అని కోడలు పరుగెత్తును. అత్తగారు బిందె ముట్టబోగానే కుమారుడు వారించును. ఇట్లు దినమునకు ఇరువదిసార్లు లేవవలసిన మనిషి రెండుసార్లే లేచును. ఏడాది తిరుగునప్పటికి లేవవలెనన్నను లేవలేడు. అప్పుడు ఈడు మీరినదందుము.

తొంబది ఏండ్లకైనను కండరము సాధనకు లొంగునా? లొంగును. 1990లో బోస్టను వైద్యులు ప్రకటించిన పరిశోధన ఇందులకు తార్కాణము. సంరక్షణాలయమున ఉన్న, సగటున 90 ఏండ్ల వయస్సు గల 10 మంది బలహీనులైన వృద్ధులచే 8 వారములు తొడకండరములకు బరువుల సాధన చేయింపదొడగిరి. ఒకరు మధ్యలో విరమించిరి. పూర్తిచేసిన వారి కాలిబలము సగటున 174 శాతము పెరిగెను, నడకయు చురుకయ్యెను.

65 ఏండ్లు దాటినవారికి నడకతో పాటు, తూలి పడకుండ నిలుపు సాధన వారములో 3 దినములు ఉండవలెను. ఇంటిలో చేయదగినవి ఇవి. కుర్చీ నుండి చేతులానించక పదిసార్లు లేచి కూర్చుండుట. గోడ పట్టుకొని మడమలెత్తి మునివ్రేళ్ళపై నిలుచుట. ఒక పాదము ముందు మరియొక పాదము నుంచి గోడ ప్రక్కనే నడచుట. పడి తుంటి యెముక విరిగిన వృద్ధులలో అనేకులు పూర్వపు నడకను మరల పొందలేరు. కనుక పడకుండుటయే గొప్ప వైద్యము.

ఇష్టలింగపూజకు నేలపై ఆసనము వేసి కూర్చుండుట, పూజానంతరము లేచుట మన పెద్దల నిత్యకృత్యము. అది తుంటికి, మోకాలికి, తొడకు దినదిన సాధన. మోకాళ్ళు సహకరించినంతకాలము దానిని విడువరాదు. సహకరింపనినాడు పీటపైననో కుర్చీపైననో కూర్చుండుటలో దోషము లేదు. లేచుట మాత్రము మానరాదు. పూలు, పత్రి కోసి తెచ్చు పనిని ఇంటిలోని పెద్దలకే విడిచిపెట్టుడు.

5. జాగ్రత్తలు

ఉగాది మహోత్సవములకు కన్నడదేశము నుండి వేలకొలది భక్తులు కాలినడకన శ్రీశైలమునకు వచ్చుట పాఠకులెరిగినదే. ఆత్మకూరు సమీపమందలి వెంకటాపురము నుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారముల మీదుగా నల్లమలలో సాగు ఆ దారి ఎండకాలపు దారి. పోగోరువారు కనీసము రెండు నెలల ముందు నుండి నడక సాగించి, వారవారము దూరమును కొంచెము కొంచెముగా పెంచుకొనవలెను. మధుమేహము గలవారు కాలి పుండ్ల విషయమున జాగ్రత్తపడి, వట్టికాళ్ళతో నడువకుండవలెను. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారును, గర్భిణులును వైద్యుని సంప్రదించియే ఏ సాధననైనను ఆరంభింపవలెను. శ్రమలో ఛాతి నొప్పి, తలతిరుగుడు, అసాధారణమైన ఆయాసము కలిగినచో వెంటనే ఆగి వైద్యుని కడకు పోవలెను. “భక్తి ఉన్నది, ఏమియు కాదు” అని ముందుకు సాగుట వివేకము కాదు.

దేహమే దేవాలయమని మనకు బోధించిరి. దీపము పెట్టని గుడి పాడుపడునట్లే కదలిక లేని దేహమును పాడుపడును. దానిని నిలుపుటకు కావలసినది ధనము కాదు, దినమునకు అరగంటయు ఇంటివారి తోడ్పాటును.

ఇంటిల్లిపాదియు కూర్చుండి ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన యింట గత వారములో చెమట పట్టునట్లు నడచినవారెవరు? ఆడినవారెవరు?
2. ఆడపిల్లను ఆట మాన్పించితిమా? ఎందులకు?
3. ఇంటి ఇల్లాలికి అరగంట తీరిక కలుగుటకు ఏ పనిని ఎవరు చేపట్టుదురు?
4. పెద్దలు తామే చేసికొనగల ఏ పనులను మనము గౌరవము పేరిట వారి చేతి నుండి తీసికొంటిమి? వానిలో దేనిని రేపటి నుండి తిరిగి ఇచ్చెదము?