మరల మరల పొటమరించు హెర్పిస్ పొక్కులు

జననేంద్రియ హెర్పిస్ లైంగిక సంపర్కము వలన సంక్రమించు వ్యాధులలో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో ప్రకటించిన అంచనా ప్రకారము, 15 మొదలు 49 సంవత్సరముల వయస్సు గలవారిలో 84 కోట్ల 60 లక్షల మందికి, అనగా ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా, ఈ వ్యాధి కలదు. అయినను ఇది సోకినట్లు తెలిసిన వ్యక్తి లోకములో తానొక్కడే ఇట్టివాడనని కుమిలిపోవుట పరిపాటి. మొదటి పుండ్లు మాని, కొన్ని నెలలకు అదే తావున మరల పొక్కులు కనిపించినప్పుడు ఆ దుఃఖము రెట్టింపగును. చికిత్స వ్యర్థమైనదని కొందరును, భార్యయో భర్తయో తప్పుదారి త్రొక్కిరని కొందరును తలంతురు. పొక్కులు మరల వచ్చినంత మాత్రమున ఈ రెండింటిలో ఏదియు రుజువు కాదు.

మరల వచ్చుటకు కారణము

ఈ వ్యాధిని కలిగించు వైరస్ రెండు రకములు. మొదటి రకము సాధారణముగా పెదవులపై పొక్కులు కలిగించును. జననేంద్రియములకు కూడ సోకవచ్చును. రెండవ రకము ముఖ్యముగా జననేంద్రియములకే సోకును. వైరస్ చర్మము ద్వారా ప్రవేశించి, నాడుల వెంట ప్రయాణము చేసి, వెన్నెముక క్రింది భాగమున నున్న నాడీకణముల గుంపులలో దాగును. పుండ్లు మానినను అది అచ్చటనే నివురు గప్పిన నిప్పువలె నుండును. జ్వరము, నిద్రలేమి, అధిక శ్రమ, మనోవ్యాకులత, బహిష్టు దినములు, ఒరపిడి మొదలగు కారణములచే అది మేల్కొని, అదే నాడి వెంట చర్మమునకు తిరిగి వచ్చును. ఒక్కొక్కప్పుడు ఏ కారణమును కానరాదు.

మొదటిసారి వచ్చిన బాధ రెండు నుండి నాలుగు వారములుండవచ్చును; జ్వరము, గజ్జలలో బిళ్ళలు కూడ కలుగవచ్చును. తరువాత వచ్చునవి సామాన్యముగా స్వల్పమైనవి. పది దినములలోపల మానును. రెండవ రకము వైరస్ సోకినవారికి మొదటి సంవత్సరమున సగటున నాలుగు మార్లు, మొదటి రకము సోకినవారికి ఒక మారు తిరిగి రావచ్చును. ఏండ్లు గడచిన కొలది ఇవి తగ్గుచుండును.

అనుమానము తగదు

వైరస్ సోకినవారిలో అనేకులకు ఏ లక్షణమును కనబడదు. అందుచే ఈనాడు బయటపడిన వ్యాధి వివాహమునకు పూర్వము ఏనాడో సోకినది కావచ్చును. రక్తపరీక్ష వలన వ్యాధి ఎప్పుడు సోకినదో, ఎవరి నుండి సోకినదో తెలియదు. కనుక పొక్కులను సాక్ష్యముగా జేసికొని దంపతులు పరస్పరము నిందించుకొనుట అన్యాయము. ఈ అపోహ వలన చెడిన సంసారములకు కలుగు నష్టము, వ్యాధి వలన కలుగు నష్టము కంటె పెద్దది.

ముందు సూచనలు, చికిత్స

పొక్కులు లేచుటకు కొన్ని గంటలు మొదలు ఒకటి రెండు దినముల ముందు ఆ తావున దురద, చురచుర, మంట కలుగును. పిరుదులలోను, తొడలలోను పోట్లు వచ్చును. ఈ సూచనలను గుర్తించుటయే వ్యాధితో నెగ్గుటకు మొదటి మెట్టు. ఎసైక్లోవిర్ మాత్రలు మొదటి దినముననే ఆరంభించిన బాధయు, దినములును తగ్గును. కావున వైద్యుని సలహాతో మాత్రలు ముందుగనే ఇంట నుంచుకొనుట మంచిది. పొక్కులు తరచుగా వచ్చువారికి వైద్యులు ప్రతిదినము వాడవలసిన మోతాదు నిర్ణయింతురు. దానివలన తిరిగి వచ్చుట నూటికి డెబ్బది నుండి ఎనుబది వంతుల వరకు తగ్గును. మూత్రపిండముల వ్యాధి గలవారు ఆ సంగతి వైద్యునికి ముందుగా చెప్పవలెను. ఈ మందు వైరస్‌ను అణచునే కాని సమూలముగ తొలగింపజాలదు.

పుండ్లున్నప్పుడు ఆ భాగమును శుభ్రముగా, పొడిగా నుంచవలెను. వదులైన నూలుబట్టలు ధరింపవలెను. గోరువెచ్చని ఉప్పునీటితో కడిగిన ఉపశమనము కలుగును. మూత్ర విసర్జన సమయమున మంట యెక్కువైనచో పైన నీరు పోసికొనుచు విసర్జింపవలెను. పుండ్లను తాకిన చేతులు సబ్బుతో కడుగుకొనకుండ కండ్లు తాకరాదు. ఆకుపసరులు, సున్నము, ఘాటైన లేపనములు పూసిన పుండు మరింత రేగును.

చికిత్స దొరకు చోటు

న్యూఢిల్లీలో అశోకా రోడ్ 1వ నంబరు ఆవరణయందలి ఆంధ్రభవన్ తెలుగువారికి సుపరిచితము. ఉద్యోగము, చదువు, వ్యవహారముల నిమిత్తము రాజధానికి వచ్చినవారు అచ్చట భోజనము చేసి ఊరి ముచ్చట్లు చెప్పుకొందురు. కాని ఈ బాధ మాత్రము నలుగురిలో చెప్పుకొనదగినది కాదని లోలోన దాచుకొందురు. పరాయి భాషలో వైద్యునికి చెప్పుటకు జంకి, గోడలపై 'రహస్యవ్యాధుల' ప్రకటనలు చూచి మోసపోవుట ఎంతమాత్రము తగదు. అదే రోడ్డు పడమటి కొసయగు గోల్ డాక్ ఖానాకు సమీపముననే డాక్టర్ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి కలదు. సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో సుఖవ్యాధుల ప్రత్యేక కేంద్రము కలదు. స్వరాష్ట్రములందును ప్రభుత్వ ఆసుపత్రులలోని సురక్షా క్లినిక్కులలో పరీక్ష, సలహా, మందులు ఉచితముగా లభించును. హెర్పిస్ పుండ్లకు ఇచ్చు మందుల పొట్లము ఎర్రరంగుది. సిగ్గుపడువారు బాధ ఆరంభమైన తేది, ఎన్నిమార్లు వచ్చినది, వాడిన మందులు కాగితముపై వ్రాసి చూపవచ్చును. 1097 నంబరుకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును. సిఫిలిస్, హెచ్.ఐ.వి. పరీక్షలు కూడ చేయించుకొనవలెను; హెర్పిస్ గలవారికి హెచ్.ఐ.వి. సోకు అవకాశము ఎక్కువ.

ఇతరులకు సోకకుండుటకు

ముందు సూచనలు కనిపించినది మొదలు పుండ్లు పూర్తిగా మానువరకు సంభోగము మానవలెను. పుండ్లు లేని దినములలో కూడ వైరస్ చర్మముపై వెలువడవచ్చును. నిరోధ్ వాడుటవలన ప్రమాదము తగ్గును, పూర్తిగా పోదు. జీవిత భాగస్వామికి సత్యము చెప్పి, ఇరువురును కలిసి వైద్యుని చూచుట ఉత్తమము. పాత్రలు, పక్కబట్టలు, మరుగుదొడ్ల వలన ఈ వ్యాధి సోకదు. రోగిని వేరుగా నుంచనక్కరలేదు.

గర్భిణి తన వ్యాధి సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. పూర్వమే వ్యాధి గలిగిన తల్లినుండి శిశువునకు సోకు ప్రమాదము నూటికి ఒకటి కంటె తక్కువ. గర్భము చివరి నెలలలో క్రొత్తగా సోకినప్పుడే అపాయము హెచ్చు. తరచు పొక్కులు వచ్చు తల్లికి 36వ వారము నుండి మాత్రలిత్తురు. నొప్పులనాటికి పుండ్లున్నచో శస్త్రచికిత్స ద్వారా కాన్పు చేయుదురు.

మూత్రము ఆగిపోవుట, తీవ్రమైన తలనొప్పితో మెడ బిగియుట, కన్నెర్రబడి నొప్పి పుట్టుట, పుండ్లు ఎంతకును మానకుండుట — వీనిలో ఏది కనిపించినను ఆలస్యము లేక ఆసుపత్రికి పోవలెను.

మనస్సునకు ధైర్యము

ఈ వ్యాధి గలవారు వివాహము చేసికొనవచ్చును, బిడ్డలను కనవచ్చును, సర్వసాధారణ జీవితము గడుపవచ్చును. పొక్కులు వచ్చిన తేదీలను, అంతకు ముందటి అలసటను, నిద్రను ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనిన, కొన్ని నెలలలో ఎవరి కారణము వారికే బోధపడును. అప్పుడు పొక్కులు అకస్మాత్తుగా మీదపడు విపత్తువలె గాక, ముందుగా తెలిసి, మందుతో ఎదుర్కొనదగిన స్వల్పబాధగా మారును. వ్యాధి తిరిగి వచ్చుట ఎవరి దోషమును కాదు. తెలిసి చికిత్సను వాయిదా వేయుట మాత్రము సరిదిద్దుకొనదగిన అలవాటు.