రేగడి నేలకు ఊక బూడిద

తుంగభద్ర ఎడమ కాలువ క్రింద గంగావతి, కారటగి, సింధనూరు ప్రాంతములలో ఇల్లు కట్టుకొనినవారికి నల్లరేగడి సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. కన్నడ సోదరులు దీనిని ఎరె మణ్ణు అందురు. 1953లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలనుండి వచ్చి క్యాంపులు కట్టుకొని స్థిరపడిన మన పెద్దలు ఈ నేలను వరిమాగాణముగ మార్చిరి. పంట విషయమున ఇంత ఉదారమైన ఈ నేల ఇంటి గోడ విషయమున మాత్రము నమ్మదగినది కాదు. నాలుగు వానకాలములు గడచునప్పటికి గోడ మూలనుండి ఏటవాలుగ బీట దిగును, గచ్చు ఉబ్బును, తలుపు ద్వారబంధములో ఇఱుకును. ఇటీవల కొందఱు తల్లిదండ్రులు, మిల్లులో ఊరకే దొఱకుచున్నదని ఊక బూడిదను బండ్లకొలది తెచ్చి పునాది గోతులలో పోయించుచున్నారు. బూడిదలో బలము కలదనుట నిజమే. కాని అది ఒంటరిగ చేయు పని కాదు. ఈ సంగతి కొంత వివరముగ తెలిసికొనుట మేలని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందు నేల స్వభావము. రేగడిలోని సన్నని బంకమట్టియందు మాంట్‌మోరిల్లొనైటు అను ఖనిజము విశేషముగ ఉండును. ఫ్రాన్సు దేశములోని మాంట్‌మోరిల్లాన్ అను ఊరినిబట్టి దాని కాపేరు వచ్చినది. ఈ ఖనిజము పుస్తకములోని పుటలవలె పలుచని పొరలు పొరలుగ ఉండును. నీరు ఆ పొరల నడుమ దూఱి వానిని ఎడముచేయును. ఎండకు నీరు పోగానే పొరలు మరల దగ్గఱకు చేరును. వానకాలమున నేల ఉబ్బుట, వేసవిలో చేయిపట్టునంత నెఱ్ఱెలు విచ్చుట ఇందువలననే. ఇంటి నడిమిభాగమున తేమ నిలకడగ ఉండి అంచులయందు మాఱుచుండును. కనుక ఒక ప్రక్క పునాది లేచి మఱియొక ప్రక్క క్రుంగును. రాయి ఎంత గట్టిదైనను, మేస్త్రి ఎంత నేర్పరియైనను ఈ ఎగుడుదిగుడును గోడ ఓర్వలేదు.

మన నేల ఎంత ఉబ్బునో తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. పై తరగతుల పిల్లలు ఉపాధ్యాయుని సమక్షమున బడిలోనే చేయవచ్చును. మట్టిని ఎండబెట్టి, నూఱి, సన్నని జల్లెడతో జల్లించి, పదేసి గ్రాములు రెండు కొలజాడీలలో వేయవలెను. ఒకదానిలో 100 మిల్లీలీటర్ల గుర్తువఱకు నీరును, రెండవదానిలో అంతే కిరసనాయిలును పోసి, కడ్డీతో కలిపి గాలిబుడగలు పోగొట్టి, ఒక పగలు ఒక రాత్రి కదల్పక ఉంచవలెను. కిరసనాయిలు బంకమట్టి పొరలను ఉబ్బింపదు, నీరు ఉబ్బించును. కిరసనాయిలులో మట్టి 10 గీతలవఱకును, నీటిలో 18 గీతలవఱకును నిలిచినదనుకొందము. అప్పుడు ఉబ్బు 80 శాతము. 50 శాతము దాటిన నేలపై కట్టడము జాగ్రత్తతో చేయవలసినదే. సున్నము కలిపి వారము దినములు తడిగ ఉంచి ఎండబెట్టిన అదే మట్టితో ఈ పరీక్ష మరల చేసినచో, పుస్తకమున చదివినదానికంటె పిల్లలకు విషయము బాగుగ మనసున నాటును.

ఇక బూడిద. నూఱు కిలోల వడ్లు దంచిన ఇరువది కిలోల ఊక వచ్చును. ఆ ఊకను కాల్చిన నాలుగు కిలోల బూడిద మిగులును. మన మిల్లులలో ఉప్పుడు బియ్యమునకై బాయిలరు క్రింద కాలునది ఈ ఊకయే. వరిమొక్క నేలనుండి సిలికాను పీల్చి పొట్టులో దాచుకొనును. అందుచేత బాగుగ కాలిన బూడిదలో 85 నుండి 90 శాతమువఱకు సిలికాయే ఉండును. అయితే కాల్పులో ఒక మెలకువ కలదు. సుమారు 700 డిగ్రీల సెంటిగ్రేడు లోపల కాలినచో సిలికా స్ఫటికము కట్టక, సున్నముతో చేరుటకు సిద్ధముగ ఉండును. మంట మిక్కుటమైనచో అది గట్టి స్ఫటికమై మొండికెత్తును. సరిగ కాలని నల్లని బూడిదలో బొగ్గు మిగిలియుండి నీరు పీల్చునేగాని పట్టు ఈయదు. బూదవన్నె బూడిద మేలు. రంగునుబట్టియే అంతయు తేలదు.

సున్నము తడిమట్టితో కలియగానే మొదట కొన్ని గంటలలోనే ఒక మార్పు కలుగును. సున్నములోని కాల్షియము బంకమట్టి పొరలనంటి అణువులను కూడగట్టుటచే జిగురు పోయి మట్టి రవ్వరవ్వగ విడును. రెండవ మార్పు మెల్లనిది. సున్నమును సిలికాయు తేమలో కలిసి, సిమెంటులో ఏర్పడునట్టి బంధకమునే వారములు, మాసములు పట్టి ఏర్పఱచును. సున్నము లేనిదే ఈ రెండవ పని జరుగదు. గోతిలో పోసిన ఒట్టి బూడిద, తేలికయైన పొడి మాత్రమే. నీటికి దారి కూడ ఇచ్చును. ఈ కిటుకు క్రొత్తది కాదు. ఇటలీలోని పొజ్జువోలి ప్రాంతపు అగ్నిపర్వత ధూళిని రోమనులు సున్నముతో కలిపి కట్టిరి. మన తాపీవారు ఇటుకపొడియగు సుర్ఖిని గానుగసున్నములో కలిపిరి.

లెక్క చూతము. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదిలో ఒక అడుగు లోతు మట్టిని బాగుచేయదలచినచో ఎండుమట్టి సుమారు 5 టన్నులగును. నూటికి 5 వంతుల సున్నమనగ 250 కిలోలు. 10 వంతుల బూడిదయనగ 500 కిలోలు. అది పండ్రెండున్నర టన్నుల వడ్లనుండి వచ్చిన బూడిద! ఈ పాళ్ళు లెక్కకై చెప్పినవే. సున్నము సాధారణముగ 3 నుండి 8 శాతమువఱకు వాడుదురు. ఏ నేలకు ఎంతయను నిర్ణయము పరీక్షమీద జరుగవలెను.

పని తీరు ఇది. మట్టి గడ్డలను చితుకగొట్టి తడి సున్నపుపొడి కలిపి ఒక రాత్రి మాగనీయవలెను. మఱునాడు బూడిద చేర్చి మరల కలిపి, 15 సెంటీమీటర్ల పొరలుగ పఱచి దిమ్మిసతో గట్టిగ కొట్టవలెను. పిడికిట నొక్కిన ముద్ద నిలిచి, చేతికి తడి అంటనంత తేమ సరిపోవును. పిదప తడి గోనెసంచులు కప్పి కనీసము ఏడు దినములు ఆఱనీయరాదు. చాలమంది తొందరపడునది ఇచ్చటనే. మూతిలేని సంచిలో నెలలకొలది గాలికి మురిగిన సున్నము చవుకగ వచ్చినను కొనవలదు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో చేరి అప్పుడే సుద్దయైపోయి యుండును. సున్నపు ధూళి కన్నులకు, బూడిద ధూళి ఊపిరితిత్తులకు చెఱుపు చేయును గాన పనివారు ముక్కుకు గుడ్డ కట్టుకొనవలెను. పిల్లలను దరి చేరనీయరాదు.

ఇది గచ్చు క్రింద, వాకిటిలో, బాటలకు చక్కగ పనికివచ్చును. మేడ మోయు పునాదికి దీనినే నమ్ముకొనుట తగదు. లోతైన రేగడిలో, తేమ మాఱని మూడున్నర మీటర్ల లోతువఱకు దించి అడుగున గుబ్బవలె వెడల్పుచేసిన కాంక్రీటు స్తంభములను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ప్రచారమునకు తెచ్చిరి. అట్టి పనికి ఇంజనీరు కావలెను. మఱియు కాలువ నీరు నిలిచి చవుడు తేలిన చోట్ల ఇంకొక చిక్కు కలదు. నేలలో సల్ఫేటు లవణములు మెండుగ ఉన్నచో అవి సున్నముతో కలిసి క్రొత్త స్ఫటికములై నేలను మునుపటికంటె ఎక్కువగ ఉబ్బించును. అందుచేత సున్నపు బస్తా కొనుటకు ముందే, ఇంటి స్థలములో రెండు మూడు చోట్ల మీటరు లోతునుండి మట్టి తీసి, విడివిడిగ సంచులలో కట్టి, దగ్గఱి ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలకు పంపి ఉబ్బును, సల్ఫేటును రెంటిని చూపించుకొనవలెను.