సూత్రం కంటే ముందు బొమ్మ

భౌతికశాస్త్రం పేపర్లో లెక్క వదిలేసే పిల్లల్లో చాలామందికి సూత్రం వచ్చు. మొన్న అర్ధ సంవత్సర పరీక్షలో ఒక అమ్మాయి ప్రతిధ్వని లెక్కకు సూత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, అక్కడే ఆపేసింది. అడిగితే "నాకు లెక్కలు రావు సార్" అంది. గుణకారాల్లో తప్పు చేయని పిల్ల ఆమె. రానిది లెక్క కాదు, ప్రశ్నలో ఏం జరుగుతోందో ఊహించుకోవడం.

ప్రశ్న ఇదీ: కొండకు ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే 2 సెకన్లకు ప్రతిధ్వని వినిపించింది. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. కొండ ఎంత దూరం? మనిషిని, కొండను గీయించి, ధ్వని నడిచిన దారిని బాణాలతో చూపమన్నాను. రెండు బాణాలు వేసింది. వేసి, తనే నవ్వింది. 680 మీటర్లు రానూపోనూ కలిపి. కొండ 340 మీటర్ల దూరంలో ఉంది.

వెంటనే గోల్కొండ లెక్క ఇచ్చాను. కింద కోట ద్వారం దగ్గర కొట్టిన చప్పట్లు పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి. దూరం సుమారు కిలోమీటరు అంటారు. ఎంతసేపట్లో చేరుతుంది? ఇక్కడ బాణం ఒకటే. 1000ని 340తో భాగిస్తే దాదాపు 3 సెకన్లు. 'ధ్వని లెక్కల్లో సగం చేయాలి' అని గైడు చూసి బట్టీపట్టిన వాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

కటకాల్లో తప్పులు ఎక్కువగా ప్రమాణాల దగ్గరే. నాభ్యంతరం 50 సెంటీమీటర్లు అంటే 1ని 50తో భాగించి 0.02 అని రాస్తారు. ముందు మీటర్లలోకి మార్చాలి: 0.5 మీటరు, సామర్థ్యం 2 డయాప్టర్లు. ఇంట్లో నానీ చదువుకునే కళ్లజోడు ప్లస్ 2 అయితే, కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర పట్టుకుని మెల్లగా వెనక్కి జరపండి. అరమీటరు కాస్త దాటేసరికి కిటికీ బొమ్మ తలకిందులుగా గోడ మీద పడుతుంది.

శక్తి లెక్కలో అనవసరమైన అంకె ఒకటి కలుపుతాను. 1000 లీటర్ల నీటిని 14 మీటర్ల పైపు గుండా 9 మీటర్ల ఎత్తుకు ఎక్కిస్తే స్థితిజ శక్తి ఎంత పెరుగుతుంది? 1000 కిలోలు, 10, 9 గుణిస్తే 90,000 జౌళ్లు. పైపు పొడవుతో పని లేదు. ఒక యూనిట్ కరెంటు 36 లక్షల జౌళ్లు కాబట్టి ఇది యూనిట్‌లో నలభయ్యో వంతు. మోటారులో వృథా అయ్యేది దీనికి అదనం.

దాతలకు ఒక మనవి. మీరు వాడని కళ్లజోళ్లుంటే మా సాయంత్రం తరగతికి పంపండి. మైనస్ అద్దాలైనా ఫర్వాలేదు. అవి గోడ మీద బొమ్మ ఎందుకు వేయవో పిల్లలకు తర్వాతి ప్రశ్న.