మనసు, పదార్థం: గడువు తీరిన పందెం

రెడ్‌మండ్ నుండి తేలే వంతెన మీదుగా వాషింగ్టన్ సరస్సును దాటితే, సియాటిల్‌లో పాల్ ఆలెన్ 2003లో నెలకొల్పిన మెదడు పరిశోధనా సంస్థ కలదు. మనసు కేవలం పదార్థపు పనితీరేనా అన్న ప్రాచీన ప్రశ్న అక్కడ ప్రయోగశాలకు చేరింది.

మనసుకు పదార్థం ఆధారమనడానికి నిదర్శనాలకు కొదవ లేదు. శరీరపు బరువులో 2 శాతమైన మెదడు శరీరం వినియోగించే శక్తిలో ఇంచుమించు 20 శాతాన్ని హరిస్తుంది. ఆ శక్తినందించే ఏ.టి.పి. అణువును 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

అంతకన్న వింత జెనాన్‌ది. అది జడవాయువు, శరీరంలో దేనితోనూ రసాయన బంధం ఏర్పరచుకోదు. అయినను తగుపాళ్ళలో ఆక్సిజన్‌తో కలిపి పీల్పిస్తే మనిషికి స్పృహ తప్పుతుంది. ఆపిన కొద్ది నిమిషాలకే పేరు, ఊరు, మాతృభాష అన్నీ తిరిగి వస్తాయి! నాడీకణాల పొరలలోని కొన్ని ప్రోటీన్లలో ఇమిడి, అది సంకేతాలను అణచివేస్తుంది.

సంకేతం ఆగితే స్పృహ ఆగుతుంది, సరే. మరి సంకేతం అనుభూతిగా ఎట్లా మారుతుంది? ఆవకాయలోని మిరప ఘాటు కాప్సైసిన్‌ది. నాలుకపై అది తాకే గ్రాహకం 1997లోనే దొరికింది. ఆ మంట ‘నాకు’ మండుతున్నట్లు తోచడం ఎందుకో ఏ సమీకరణమూ చెప్పలేదు. సైన్సు అంతా తేల్చివేసిందనేవారు, ఎన్నటికీ తేల్చలేదనేవారు ఇరువురూ తొందరపడుతున్నారు.

స్పృహకు మూలమైన నాడీ సంకేతాలు 25 ఏళ్ళలో స్పష్టంగా తేలుతాయని 1998లో క్రిస్టఫ్ కాక్, తత్త్వవేత్త డేవిడ్ చామర్స్‌తో పందెం వేశారు. కాక్ 2011లో సియాటిల్ సంస్థలో చేరారు. 2023లో న్యూయార్క్ సభలో ఓటమిని అంగీకరించి, ద్రాక్షాసవపు సీసాల పెట్టెను చామర్స్‌కు అందజేశారు. ఆపై అదే పందెం మళ్ళీ కాశారు. ఈసారి గడువు 2048.