బడి భోజనము — మన మెట్టపంటలు

వాన చాలని సీమ మనది. అనంతపురము ప్రాంతమున ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ నేలపైననే మన పెద్దలు రాగి, కొఱ్ఱ, జొన్న పండించి, సంగటి తిని కష్టించిరి. తరువాత వేరుసెనగ చేలను ఆక్రమించెను. వరి అన్నము కంచమును ఆక్రమించెను. నేడు సంగటిముద్ద పెట్టినచో పల్లె బాలుడు సైతము ముఖము త్రిప్పుకొనుచున్నాడు. ఇది వాని తప్పు కాదు. మనము అలవాటు చేయలేదు.

1995 ఆగష్టు 15న దేశమున మధ్యాహ్న భోజన పథకము ఆరంభమయ్యెను. వండిన భోజనమే పెట్టవలెనని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించెను. మన రాష్ట్రమున 2003 జనవరిలో బడిపొయ్యి వెలిగినది. ప్రాథమిక తరగతుల వారికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, పై తరగతుల వారికి 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందవలెనని 2013 ఆహార భద్రతా చట్టము నిర్ణయించెను. క్రమముగా గ్రుడ్డు, వేరుసెనగ చిక్కి చేరినవి. 2023 మార్చిలో రాగిజావ చేరినది. 2024లో ఈ పథకమునకు అన్నదానమునకు పేరొందిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి.

అయితే చట్టపు లెక్క కంచమునకు సంబంధించినది. ఒంటికి పట్టునది కడుపులో పడినది మాత్రమే. తల్లిదండ్రులు వేకువనే కూలికి పోగా, ఏమియు తినక బడికి వచ్చిన బిడ్డ ఆకుకూరను ప్రక్కకు నెట్టి, జావ పారబోసి లేచినచో, ఆ దినమంతయు అర్ధాకలియే. రక్తము తగ్గిన బిడ్డకు పాఠముపై మనసు నిలువదు.

నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము గలదు. ఇది ఎముకలకు బలము. బియ్యములో అది మిక్కిలి స్వల్పము. నూరు గ్రాముల వేరుసెనగ పప్పులో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు గలవు. ఆకుకూరతోపాటు మన చీనీపండో, నిమ్మరసమో తీసుకొన్నచో అందలి ఇనుము ఒంటికి బాగుగా పట్టును.

మరి పిల్లలచే తినిపించుటెట్లు?

1. క్రొత్త రుచిని కొద్దికొద్దిగా, మరల మరల పెట్టవలెను. అలవడుటకు పదిమార్లైనను పట్టవచ్చును. బెదిరింపు పనికిరాదు.

2. ఉపాధ్యాయులు పిల్లల పంక్తిలోనే కూర్చుండి తినవలెను.

3. ఆకుకూరను విడిగా గాక పప్పులో కలిపి వండవలెను. సంగటికి ఊరిబిండి తోడైనచో పిల్లలు ఇష్టముగా తిందురు.

4. చేతులు కడిగిన నీటిని మునగ, కరివేప మొక్కలకు మళ్లింపవలెను. తాము పెంచిన మొక్క ఆకును పిల్లలు మక్కువతో తిందురు.

5. బూజుపట్టిన వేరుసెనగను వాడరాదు. అందలి విషము వేయించినను పూర్తిగా పోదు.

తల్లులారా, తండ్రులారా! నెలకొక మధ్యాహ్నము బడికి వెళ్లి, కంచములలో ఏమి మిగులుచున్నదో చూడుడు. రాత్రి ఇంట సంగటి వండినపుడు మీరును బిడ్డతో కూర్చుండి తినుడు. బడిలో నేర్చిన రుచి ఇంట నిలిచిననాడే ఈ పథకము సఫలమగునని మేము నమ్ముచున్నాము.