ఎవరు పలికినా నమ్ముతుంది

భీమునిపట్నం,
మే 6.

చిరంజీవి మేనకోడలికి,

కాలేజీ తెరిచేలోగా మూడు ల్యాబుల్లోనూ విండోస్ 10 తీసేసి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసే పని నీకు అప్పగించారని అక్క ఫోనులో చెప్పింది. "నూట ఎనభై కంప్యూటర్లట. పెన్‌డ్రైవు పట్టుకుని ఒక్కత్తీ ఎన్నాళ్ళని తిరుగుతుందిరా" అని అక్క బెంగ. పెన్‌డ్రైవు అక్కర్లేదు, నెట్‌వర్కు మీదుగానే పంపొచ్చు అన్నాను. అన్నాక, ఆ ఒక్క మాటా చెప్పి ఊరుకుంటే నీకు మేలు కంటే కీడే ఎక్కువ చేసినవాణ్ణవుతానని అనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

తొందరేమిటో ముందు చూద్దాం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అయితే ఏమైంది, నడుస్తోందిగా అనేవాళ్ళు మీ కాలేజీలోనూ ఉంటారు. వాళ్ళకి 2017 గుర్తుచెయ్యి. ఆ ఏడాది మే 12న వానాక్రై ప్రపంచమంతా పాకింది. దాన్ని అడ్డుకునే సవరణ మార్చి 14నే విడుదలయింది. వేసుకోని యంత్రాలూ, సవరణలే అందని పాత యంత్రాలూ దొరికిపోయాయి. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లకు కూడా అది సోకింది. అటువంటి రోజు వచ్చినప్పుడు ల్యాబు చూసేవాళ్ళని అడిగే ప్రశ్న ఒక్కటే: అన్నింటినీ తుడిచి మళ్ళీ ఎప్పటికి నిలబెడతావు? పెన్‌డ్రైవుతో అయితే రోజులు చెప్పాలి. నెట్‌వర్కుతో అయితే గంటలు చెప్పొచ్చు. ఈ విద్య అందుకు నేర్చుకోవాలి.

ఇక అది జరిగే తీరు. డిస్కు జోలికి పోకుండా నెట్‌వర్కు కార్డు నుంచి లేవమని బయాస్‌లో పెట్టి స్విచ్ వేశావనుకో. ఆ క్షణాన కంప్యూటరుకి తన పేరు తెలియదు, ఐపీ చిరునామా లేదు, సర్వరు ఎటువైపుందో తెలియదు. కార్డుతో పుట్టిన మ్యాక్ అడ్రసు తప్ప మరేమీ లేదు. అందుకని ఆ నెట్‌వర్కులో ఉన్న అందరికీ వినబడేట్టు అడుగుతుంది: నాకు చిరునామా ఎవరిస్తారు, ఏ ఫైలు తెచ్చుకుని లేవమంటారు? డీహెచ్‌సీపీ సర్వరు పలికి ఐపీ ఇస్తుంది. ఫలానా సర్వరుకు వెళ్ళమని 66వ ఆప్షన్‌లో, ఫలానా ఫైలు తెచ్చుకోమని 67వ ఆప్షన్‌లో చెబుతుంది. టీఎఫ్‌టీపీతో ఆ చిన్న ఫైలు దింపుకుని, మారు ప్రశ్న వేయకుండా నడిపేస్తుంది. ఆ ఫైలే మెనూ చూపిస్తుంది, కెర్నెల్ తెస్తుంది, ఇన్‌స్టలేషన్ మొదలుపెడుతుంది.

ఇవన్నీ నువ్వు పుట్టకముందు సంగతులు. టీఎఫ్‌టీపీ 1981 నాటిది. డిస్కు లేని వర్క్‌స్టేషన్ల కోసం 1985లో బూట్‌పీ వచ్చింది, 1993లో దాని మీద డీహెచ్‌సీపీని కట్టారు. వీటిని కలిపి ఇంటెల్ వాళ్ళు 1999లో పీఎక్స్‌ఈ 2.1 ప్రమాణం రాశారు. కార్డులోని బుల్లి చిప్‌లో పట్టాలి కాబట్టి ప్రతిదాన్నీ వీలైనంత కుదించారు. కుదింపులో పోయినవాటిలో పాస్‌వర్డు ఒకటి. నేనడిగిన సర్వరు నువ్వేనా అని తేల్చుకునే ఏర్పాటు ఇందులో ఎక్కడా లేదు. పలికింది నువ్వా, హాస్టల్ కుర్రాడెవడో ల్యాప్‌టాప్‌లో సరదాకి పెట్టిన డీహెచ్‌సీపీనా, దానికి తేడా తెలియదు. ఎవరు పలికినా నమ్ముతుంది. సెక్యూర్ బూట్ ఉందిగా అంటావేమో. అది ఫైలు మీద సంతకం సరైనదో కాదో చూస్తుంది. ఈ డిస్కు తుడవొచ్చా లేదా అన్నది దాని పరిధి కాదు. ఆ సంగతి తెలిసినదానివి ఆ మొత్తం నెట్‌వర్కులో నువ్వు ఒక్కదానివే.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 2014 మేలో అమెరికాలో, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో విండోస్ 7 వేసే పని ఒకటి పొరపాటున అక్కడి విండోస్ యంత్రాలన్నింటికీ వెళ్ళిపోయింది. డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లు, సర్వర్లు, తేడా లేకుండా తుడుచుకోవడం మొదలుపెట్టాయి. గమనించి ఆపబోయేసరికి, ఆ పని పంపిన సర్వరు కూడా తనను తాను ఫార్మాట్ చేసుకుని ఉంది. బయటివాడెవడూ చొరబడలేదు, ఏ పరికరమూ చెడలేదు. ప్రతి యంత్రమూ చెప్పింది చెప్పినట్టు చేసింది. ఎవరికి చెబుతున్నామో చూసుకోకపోవడం ఒక్కటే లోపం.

కాబట్టి నువ్వు నేర్చుకోవాల్సిన మొదటి విద్య పంపడం కాదు, ఎవరికి పంపకూడదో కట్టుదిట్టం చేయడం. ల్యాబులకు వేరే వీల్యాన్ పెట్టించు. అకౌంట్స్ సెక్షనూ, ఎగ్జామ్ బ్రాంచీ, ప్రిన్సిపాల్ గదీ ఆ గీతకు అవతల ఉండాలి. స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉంటే ఆన్ చెయ్యి, నీ సర్వరున్న పోర్టు తప్ప మరే పోర్టు నుంచీ జవాబు వెళ్ళదు. మెనూలో డిఫాల్టుగా ఉండాల్సింది "సొంత డిస్కు నుంచే లేవు" అన్న వరుస. తుడిచే వరుస జాబితాలో మ్యాక్ అడ్రసు ఉన్నవాటికే అందాలి. పని పూర్తవగానే ఆ అడ్రసు జాబితాలోంచి తీసెయ్యి. లేకపోతే రీబూట్ అయిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచీ వేసుకుంటూనే ఉంటుంది. పొద్దున వేసిన ల్యాబు మధ్యాహ్నానికి మళ్ళీ ఇన్‌స్టలేషన్ తెర చూపించిందంటే కారణం చాలాసార్లు ఇదే. మొదట ఒక్క యంత్రం, తర్వాత ఒక వరుస, ఆ తర్వాతే ల్యాబు. ఈఏపీసెట్‌లాంటి ఆన్‌లైన్ పరీక్షలకు మీ ల్యాబు సెంటరైన రోజుల్లో ఆ సర్వరు ఆపి, దాని కేబుల్ కూడా తీసి పక్కన పెట్టు.

ఇప్పుడు లెక్క. ఇమేజీ 12 జీబీ అనుకుందాం. ఒక ల్యాబులో 60 యంత్రాలు. ఒక్కోదానికి విడివిడిగా పంపితే సర్వరు తీగ మీద 720 జీబీ నడవాలి. గిగాబిట్ స్విచ్ అయితే దాదాపు రెండు గంటలు. సర్వరు దారిలో ఎక్కడైనా పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ మిగిలిపోయి ఉంటే పదిహేడు గంటల పైనే. అందుకే ముందు స్విచ్‌లు చూసుకో, సర్వరు కొనే మాట తర్వాత. మల్టీకాస్ట్‌లో అయితే ఒక్కసారి పంపిన 12 జీబీనే అరవై యంత్రాలూ ఒకేసారి అందుకుంటాయి. తైవాన్ జాతీయ సూపర్ కంప్యూటింగ్ కేంద్రంవాళ్ళు తయారుచేసిన క్లోన్‌జిల్లా ఈ పని ఉచితంగా చేస్తుంది. వాళ్ళ తరగతి గదిలో 5.6 జీబీ ఇమేజీని 41 కంప్యూటర్లకు పది నిమిషాల్లో వేశామని చెప్పుకున్నారు. ఒక మెలిక ఉంది: స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ లేకపోతే ఆ వరద ప్రతి పోర్టులోకీ పోయి, అడగనివాళ్ళ పని కూడా నత్తనడక అవుతుంది. టీఎఫ్‌టీపీతో పెద్ద ఫైళ్ళు పంపబోకు. అది మామూలుగా 512 బైట్లు పంపి, అందిందన్న జవాబు వచ్చేదాకా ఆగి, మళ్ళీ 512 పంపుతుంది. దానితో ఐపీఎక్స్‌ఈ లాంటి చిన్న లోడరు దించి, అక్కడినుంచి హెచ్‌టీటీపీకి మారిపో.

ఇమేజీ అన్నాను కదా, అసలు ఇమేజీయే ఎందుకని అడుగు. ఒక యంత్రాన్ని చేత్తో సిద్ధం చేసి, దాని డిస్కును అచ్చుతీసి అన్నింటికీ వేయడం ఒక పద్ధతి. ఏమేం వేయాలో, ఏ సెట్టింగు ఎలా ఉండాలో ఒక ఫైలులో రాసి, ప్రతి యంత్రమూ దాన్ని చదువుకుంటూ తనంతట తాను వేసుకునేట్టు చేయడం రెండోది. ఆవకాయ జాడీ పంపడానికీ, కొలతలు రాసి పంపడానికీ ఉన్నంత తేడా. జాడీ ఇవాళ్టికి బాగానే ఉంటుంది. అందులో ఏం పడిందో ఏడాది తర్వాత ఎవరూ చెప్పలేరు. ఆ కొలతల కాగితాన్నే రెడ్‌హ్యాట్ వాళ్ళు కిక్‌స్టార్ట్ అన్నారు, డెబియన్‌లో ప్రీసీడ్, ఉబుంటులో ఆటోఇన్‌స్టాల్, విండోస్‌లో అన్అటెండ్ ఫైలు. టైమ్‌జోన్ ఏషియా-కోల్‌కతా, తెలుగు ఖతులు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, సీ కంపైలరు, పైథాన్, అన్నీ అందులో వరుసగా కనబడతాయి. పక్క కాలేజీవాళ్ళు అడిగితే ఆ కాగితమే ఇవ్వొచ్చు. విండోస్ ఇమేజీ తప్పదనుకుంటే సిస్‌ప్రెప్ చేయకుండా అచ్చు తీయకు. లేకపోతే అరవై యంత్రాలూ ఒకే గుర్తింపుతో పుడతాయి. మరో సంగతి, ఆ కొలతల ఫైలును నెట్‌వర్కులో ఎవరు అడిగినా సర్వరు ఇచ్చేస్తుంది. అందులో నీ అసలు అడ్మిన్ పాస్‌వర్డు రాయకు.

అన్నింటికీ విండోస్ 11 వేయాలని పట్టుబట్టొద్దని కూడా మీవాళ్ళతో చెప్పు. దానికి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు నుంచి పైవే కావాలి. లేనివాటిని పారేయనక్కర్లేదు, లినక్స్ హాయిగా నడుస్తుంది. మన సీ-డ్యాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది, తెలుగులో లినక్స్ కోసం హైదరాబాదు నుంచి స్వేచ్ఛవాళ్ళు చేసిన కృషి ఉంది. డిస్కులో వేయడమే మార్గమని కూడా లేదు. 2008లో మన రాష్ట్రంలో 5,000 ప్రభుత్వ పాఠశాలలకు, 18 లక్షల మంది పిల్లల కోసం, ఎన్‌కంప్యూటింగ్ పరికరాలు ఎంచుకున్నారు. ఒక్క కంప్యూటరునే నాలుగైదు తెరలు పంచుకోవడం ఆ పద్ధతి. వేయాల్సిన చోట్లు తగ్గుతాయి. ఆ ఒక్కటీ ఆగితే మాత్రం ఆ తెరలన్నీ ఆగుతాయి. ఇంజనీరింగ్ ల్యాబుకి అది సరిపోదు గానీ, పరీక్షల ముందు లైబ్రరీలో కేటలాగు చూసుకునే నాలుగు యంత్రాలకు ఆలోచించు.

చెడినప్పుడు కంగారుపడకు, తెర మీది కోడు చదువు. పీఎక్స్‌ఈ-ఈ51 అంటే డీహెచ్‌సీపీ పలకలేదు. ఈ53 అంటే చిరునామా వచ్చింది, ఫైలు పేరు రాలేదు. ఈ32 అంటే టీఎఫ్‌టీపీ సర్వరు అందలేదు, ముందు ఫైర్‌వాల్‌లో 69వ పోర్టు చూడు. ఈ51 వచ్చినప్పుడు సర్వరు బాగానే ఉందంటే స్విచ్‌ని అనుమానించు. స్పానింగ్ ట్రీ ఉన్న స్విచ్ కొత్త పోర్టును ముప్పై సెకన్లు ఆపి గానీ వదలదు. ఈలోగా కంప్యూటరు అడిగీ అడిగీ విసిగి ఊరుకుంటుంది. ఆ పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ పెడితే చాలు. కొన్ని యంత్రాలు లేచి కొన్ని లేవకపోతే, పాత బయాస్‌వీ కొత్త యూఈఎఫ్ఐవీ కలిసిపోయాయేమో చూడు. రెండింటికీ ఒకే ఫైలు పనికిరాదు.

మన తీరం సంగతి పుస్తకాల్లో రాయరు, నేను చెబుతాను. ఉప్పుగాలికి కేబుల్ కొనల్లోని పిన్నులు పచ్చబడతాయి. గిగాబిట్ అనుకున్న లింకు చప్పుడు లేకుండా వందకి దిగిపోతుంది. పంపేముందు ప్రతి పోర్టు వేగం చూసి, అనుమానం వచ్చినదానికి కొత్త కొన క్రింప్ చేయించు. సగంలో కరెంటు పోతే ఆ డిస్కులో పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. సర్వరుకీ స్విచ్‌లకీ యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకు. ఆ కొలతల ఫైళ్ళ నకలు ఒకటి ఊరి బయట ఎక్కడైనా ఉంచు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి విశాఖలో రోజుల తరబడి కరెంటు లేకుండా పోయినప్పుడు, తడిసిన యంత్రాలను ఎండబెట్టి మళ్ళీ నిలబెట్టే తిప్పలు ఇక్కడ చాలామంది పడ్డాం. యంత్రం కొనుక్కోవచ్చు. అందులో ఏముండేదో రాసిపెట్టనివాళ్ళకే ఎక్కువ రోజులు పట్టింది.

చివరిది, అన్నింటికంటే ముఖ్యమైనది. తుడిచే ముందు మనుషుల్ని అడుగు. ల్యాబు యంత్రాల్లో ఎవరూ ఏమీ దాచుకోకూడదని రూలు ఉంటుంది, అయినా డీ డ్రైవులో ఫైనల్ ఇయర్ పిల్లల ప్రాజెక్టులుంటాయి, ఏ మేడమ్‌దో ఇంటర్నల్ మార్కుల పట్టికా ఉంటుంది. వారం ముందే తలుపు మీద నోటీసు అంటించు, వాట్సాప్ గ్రూపులోనూ పెట్టు. హెచ్‌ఓడీ చేత రాతపూర్వకంగా ఒప్పించుకో. ఆయన సంతకం ఉంటే నీకు రక్షణ. దానికన్నా ముఖ్యంగా, సంతకం పెట్టేముందు ఆయన ఒకసారి ఆలోచిస్తారు, ఆ ఆలోచనలో నీకు తెలియని యంత్రం ఒకటి బయటపడుతుంది.

మొదలుపెట్టేముందు ఒక పేజీ రాయి: ఏ ల్యాబు, ఏ వీల్యాన్, ఎన్ని మ్యాక్ అడ్రసులు, ఎవరు ఒప్పుకున్నారు, మధ్యలో ఆపాలంటే ఏ కేబుల్ పీకాలి. నువ్వు టిఫినుకి వెళ్ళినప్పుడు అటెండరు కూడా చదివి ఆపగలిగేంత తేలిగ్గా ఉండాలి ఆ చివరి వరుస. దాన్ని సర్వరు పక్కన అంటించి, ఒక ఫోటో నాకు పంపు. అడగకుండా నమ్మే యంత్రాలు నీ చేతికింద నూట ఎనభై ఉన్నాయి. అడిగి విసిగించే మనిషి ఒక్కడైనా ఉండాలి కదా, ఆ పని నేను చూసుకుంటాను.

అక్కనీ బావగారినీ అడిగానని చెప్పు. సెలవు దొరికితే రెండు రోజులుండేట్టు రా.

ఇట్లు,
నీ మావయ్య